జడ్జి కావలెను... దరఖాస్తు చేసుకోండి!

అమెరికాలో మన పిల్లలు ఉండాలో, వెనక్కి రావాలో తేల్చే అప్పీలు జడ్జి పదవి ఒక ఉద్యోగం. దానికి నోటిఫికేషన్ పడుతుంది, అప్లికేషన్ పెట్టుకోవాలి, ఇంటర్వ్యూకి వెళ్లాలి. ఇచ్చేది ఎవరు, తీసేది ఎవరు అన్నదే అసలు కథ.

నోటిఫికేషన్ పడిందంటే గార్లలోనైనా గచ్చిబౌలిలోనైనా జరిగేది ఒకటే. ముందు ఖాళీలెన్నో చూస్తారు. తర్వాత వయసు, ఆపైన అర్హతలు. జిరాక్సులు తీయిస్తారు, కోచింగుకి డబ్బు సర్దుకుంటారు. గ్రూప్స్ అయినా, కానిస్టేబుల్ అయినా, జూనియర్ సివిల్ జడ్జి అయినా ఈ వరుస మారదు.

ఇలాంటిదే ఇంకో నోటిఫికేషన్ ఉంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగాలన్నీ ప్రకటించే యూఎస్ఏజాబ్స్ అనే సైటులో అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఉద్యోగం పేరు అప్పిలేట్ ఇమిగ్రేషన్ జడ్జి. ఆఫీసు వాషింగ్టన్‌కి కూతవేటు దూరంలో, వర్జీనియా రాష్ట్రం ఫాల్స్ చర్చ్ పట్నంలో. అభ్యర్థి అమెరికా పౌరుడై ఉండాలి. న్యాయశాస్త్రంలో పట్టా ఉండాలి. ఏదో ఒక రాష్ట్రంలో లాయరుగా లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. లైసెన్సు వచ్చాక కనీసం ఏడేళ్లు విచారణల్లోనో, అప్పీళ్లలోనో పనిచేసి ఉండాలి. బయోడేటాతో పాటు సొంతంగా రాసిన చట్టపరమైన రాత ఒకటి జతచేయాలి. మత్తుమందుల పరీక్ష చేస్తారు, పూర్వాపరాలు ఆరా తీస్తారు. ఎంపికైతే మొదటి రెండేళ్లు పరీక్షాకాలం.

చదివితే మామూలు సర్కారీ కొలువులాగే ఉంది కదా! కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు సంతకం పెడితే ఒక కుటుంబం సామాను సర్దుకోవాలి. పెట్టకపోతే పిల్లలు అదే బడికి పోతారు.

గార్లకీ దీనికీ ఏం సంబంధం అంటారా? డోర్నకల్ పక్కనున్న ఈ ఊరికి ఆఫీసు మారితే ఏమవుతుందో బాగా తెలుసు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు గార్ల ఖమ్మం నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. అంతవరకూ ఖమ్మం బస్సెక్కిన కాగితాలు ఆ మర్నాటి నుంచి మానుకోట దారి పట్టాయి. మన కాగితం ఏ బల్ల మీదికి వెళ్తుంది, ఆ బల్ల వెనక కూర్చున్న మనిషిని ఎవరు కూర్చోబెట్టారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలియకపోతే ఎన్ని చెప్పులరిగినా పని జరగదు. పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులకి వీసా తేదీలు, డాలరు రేటు కంఠస్థం. ఈ రెండు ప్రశ్నలకి జవాబు మాత్రం నోటీసు చేతికొచ్చాకగానీ వెతుక్కోరు.

కోర్టు పేరు, ఆఫీసు తీరు

దేశం విడిచి వెళ్లాలని ప్రభుత్వం నోటీసు ఇస్తే ముందుగా విచారించేది ఇమిగ్రేషన్ జడ్జి. అక్కడ ఓడిపోతే బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ దగ్గరకు వెళ్లాలి. ఫాల్స్ చర్చ్‌లో ఉన్నది ఈ బోర్డే. అక్కడా కాదంటే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు. ఈ మూడింటిలో చివరిది మాత్రమే మనం కోర్టు అనుకునే కోర్టు. దానికి జడ్జీలను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి, ఆ తర్వాత జీవితాంతం వాళ్లని కదిపే దిక్కుండదు. మొదటి రెండు మెట్లూ న్యాయశాఖలో భాగాలు. వాటిలో జడ్జీలను నియమించేది అటార్నీ జనరల్, అంటే అధ్యక్షుడి మంత్రివర్గంలో ఒక సభ్యుడు. మనిషిని పంపించేయాలని వాదించేది ప్రభుత్వ లాయరు, వినేది ప్రభుత్వ ఉద్యోగి.

ఇక్కడో చిత్రం ఉంది. ఫెడరల్ కోర్టు జడ్జికి న్యాయపట్టా ఉండాలని అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఈ ఉద్యోగానికి మాత్రం పట్టా, లైసెన్సు, అనుభవం అన్నీ కావాలి. అర్హతల్లో గట్టిది, భద్రతలో వట్టిది.

బోర్డు పుట్టింది 1940లో. అప్పటిదాకా కార్మికశాఖ కింద ఉన్న వలస వ్యవహారాలు ఆ ఏడాది న్యాయశాఖ కిందికి వచ్చాయి. యుద్ధం ముంచుకొస్తున్న రోజులవి. పరదేశి అంటే కూలివాడన్న లెక్క పోయి, అనుమానించాల్సిన మనిషన్న లెక్క మొదలైంది. 1983లో ఇమిగ్రేషన్ జడ్జీలనూ ఈ బోర్డునూ కలిపి ఒక విభాగం చేశారు. బోర్డులో ఉన్నవాళ్లని చాలాకాలం సభ్యులనే అనేవాళ్లు. అప్పిలేట్ ఇమిగ్రేషన్ జడ్జి అన్న పేరు నిబంధనల్లోకి ఎక్కింది 2019లోనే.

ఆ జడ్జి రోజంతా ఏం చేస్తారు? చదువుతారు. కింది కోర్టులో జరిగిన మాటల టేపును కాగితం మీదికి ఎక్కించి పంపుతారు. రెండు పక్షాలూ వాదనలు రాసి పంపుతాయి. బోర్డు లాయర్లు ఫైలు చూసి ముసాయిదా తయారుచేస్తారు. జడ్జి దాన్ని చదివి ఒప్పుకోవడమో, మార్చడమో, పక్కన పెట్టడమో చేస్తారు. ఎక్కువ ఫైళ్లు ఒక్కరి సంతకంతోనే వెళ్లిపోతాయి. చిక్కు కేసులు ముగ్గురి ముందుకు వస్తాయి. ఎదురుగా నిలబడి వాదించే అవకాశం బహు అరుదు. ఎవరి బతుకు తేల్చుతున్నారో ఆ మనిషి మొహం జడ్జి చూడరు, జడ్జి మొహం ఆ మనిషీ చూడడు. అందుకే అప్లికేషన్‌తో పాటు సొంత రాత అడిగేది. అక్కడ నోటితో పనిలేదు, కలంతోనే పని.

మనవాళ్లు తరచూ పొరబడేది ఒకటుంది. కంపెనీ పెట్టిన హెచ్-1బి దరఖాస్తు తిరస్కరిస్తే ఆ అప్పీలు ఈ బోర్డుకి రాదు. పౌరసత్వ, వలస సేవల సంస్థలోనే ఉన్న వేరే అప్పీళ్ల ఆఫీసుకు వెళ్తుంది. భార్యకో, తమ్ముడికో పెట్టిన కుటుంబ పిటిషన్ తిరస్కరిస్తే మాత్రం బోర్డుకే. ఒకచోటికి వెళ్లాల్సింది మరోచోటికి పంపి గడువు దాటబెట్టుకుంటే విని జాలిపడేవాళ్లు ఉండరు. ఖర్చూ పెరిగింది. ఇమిగ్రేషన్ జడ్జి తీర్పు మీద అప్పీలుకి ఏళ్ల తరబడి 110 డాలర్లుండేది. 2025 జూలైలో వచ్చిన చట్టంతో ఒక్కసారిగా వెయ్యి దాటింది. లాయరు ఫీజు దీనికి అదనం. ఈ కేసుల్లో ప్రభుత్వం తన ఖర్చుతో లాయర్ని పెట్టదు.

కాలికి కడియం పడిన రోజు

ఈ మెట్ల సంగతి తెలుగునాట మొదటిసారి ఇంటింటా మాట్లాడుకున్నది 2011 జనవరిలో. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లే. సగానికి పైగా విద్యార్థులు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డు చూపించిందని అధికారులు అభియోగం మోపారు. కొందరి కాళ్లకు జాడ కనిపెట్టే కడియాలు తొడిగారు. ఆ ఫొటోలు చూసి ఇక్కడ ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో! కడియాలు తీసేయాలని నాటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం.కృష్ణ గట్టిగా అడిగారు. యూనివర్సిటీ నడిపిన సూసన్ సు మోసం కేసులో దోషిగా తేలి 2014లో పదహారేళ్లకు పైగా శిక్ష వేయించుకుంది. పిల్లల్లో కొందరు వేరే కాలేజీల్లో చేరారు, కొందరు ఇంటిముఖం పట్టారు.

రెండోది ఇంతకన్నా విచిత్రం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీకి పేరుంది, వెబ్‌సైటు ఉంది, ఫీజు ఉంది. లేనిదల్లా పాఠం చెప్పే పంతులే. అది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే పన్నిన వల. 2019 జనవరి చివర్లో గుట్టు విప్పారు. ముందు 130 మంది విద్యార్థులను పట్టుకుంటే అందులో 129 మంది భారతీయులు. తెలుగు పిల్లలే ఎక్కువ. వాళ్లను చేర్పించిన ఎనిమిది మంది ఏజెంట్లూ మనవాళ్లే. తెలిసే చేరారని ప్రభుత్వం అంది. గుర్తింపు ఉన్న కాలేజీల జాబితాలో సర్కారే పేరు పెడితే మేమెలా నమ్మకుండా ఉంటామని పిల్లలన్నారు. ఫీజు తీసుకుని చదువు చెప్పలేదంటూ వేసిన దావా ఒకదాన్ని కింది కోర్టు కొట్టేస్తే, 2024 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ దావా చెల్లుతుందని తిరిగి పంపింది.

తెలిసి చేరాడా, తెలియక చేరాడా? ఇలాంటి ప్రశ్నకు జవాబు చట్టం పుస్తకంలో దొరకదు. ఫైలు చదివే మనిషి మనసులో ఉంటుంది. ఆ మనిషిని ఎలా ఎంచుకున్నారన్నది అందుకే ముఖ్యం.

ఇంటర్వ్యూలో అడగకూడని ప్రశ్నలు

ఎలా ఎంచుకున్నారో ఒకసారి బయటపడింది కూడా. 2008 జూలైలో అమెరికా న్యాయశాఖ తనిఖీ అధికారులే ఒక నివేదిక ఇచ్చారు. 2004 నుంచి సుమారు మూడేళ్లపాటు ఇమిగ్రేషన్ జడ్జీల నియామకాలు పార్టీ రంగు చూసి జరిగాయన్నది దాని సారం. బోర్డు సభ్యుల ఎంపికలోనూ ఆ వాసన ఉందని తేల్చారు. ఇవి రాజకీయ పదవులు కావు. పార్టీని బట్టి ఇవ్వడం అక్కడి చట్టప్రకారం నేరుగా తప్పు.

అటార్నీ జనరల్ ఆల్బర్టో గొంజాలెస్ ఆఫీసులో మోనికా గుడ్లింగ్ అనే యువ అధికారిణి ఉండేది. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లని అధ్యక్షుడు బుష్‌లో మీకు నచ్చిందేమిటని అడిగేది. అభ్యర్థుల పేర్లను ఇంటర్నెట్‌లో వెతకడానికి ఓ పదాల జాబితా ఉండేది. అందులో అబార్షన్, తుపాకులు, ఫ్లోరిడా ఓట్ల లెక్కింపు వంటి మాటలన్నీ ఉన్నాయి. అభ్యర్థి ఎక్కడైనా ఏమైనా అన్నాడా అని వల వేయడమన్నమాట. మన దగ్గర ఎమ్మెల్యే లెటరు పట్టుకొచ్చాడా అని చూస్తారు, అక్కడ కంప్యూటరులో చూశారు. తేడా అంతే!

ఈలోపు నచ్చినవాళ్లు దొరకని కుర్చీలు ఖాళీగా పడి ఉన్నాయి. ఫైళ్లు పేరుకుపోయాయి. గొడవ బయటికొచ్చాక 2007లో పద్ధతి మార్చారు. బహిరంగ ప్రకటన, దరఖాస్తులు, అంచెలంచెల వడపోత వచ్చాయి. ఈరోజు సైటులో కనిపించే నోటిఫికేషన్ వెనక ఆ మరక కథ ఉంది. అయితే చివరి సంతకం అప్పుడూ ఇప్పుడూ అటార్నీ జనరల్‌దే.

28 నుంచి 15

ఉద్యోగం ఇవ్వడం ఒక ఎత్తు, ఉండనివ్వడం ఒక ఎత్తు. బోర్డులో ఎంతమంది ఉండాలో చట్టసభ చెప్పలేదు. న్యాయశాఖ నిబంధనతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. 2002లో అటార్నీ జనరల్ జాన్ ఆష్‌క్రాఫ్ట్ 23 స్థానాలను 11కి కోశారు. అంతకుముందే ఒక్కరే తేల్చే కేసుల సంఖ్య పెరిగింది. ఆ కోతలో కుర్చీ పోగొట్టుకున్నవాళ్లు చాలావరకు వలసదారులకు అనుకూలంగా తీర్పులు రాసినవాళ్లేనని అప్పట్లో పెద్ద విమర్శ. దాని ఫలితం సర్క్యూట్ కోర్టుల మీద పడింది. బోర్డు రెండు ముక్కల్లో కొట్టేసిన కేసులన్నీ అక్కడికి వరద కట్టాయి.

ఆ తర్వాత అంకె పాకుతూ పోయింది. 2006లో 15, 2018లో 21, 2020లో 23, 2024లో 28. 2025లో మళ్లీ ఒక్క వేటుతో 15. బైడెన్ హయాంలో వచ్చినవాళ్లు బయటికి నడిచారు. మనుషులు పెరిగినంత మాత్రాన తీర్పులు పెరగలేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అప్పటికి బోర్డులో పెండింగు లక్ష దాటింది. కింది ఇమిగ్రేషన్ కోర్టుల్లో ముప్పై లక్షల పైచిలుకు కేసులున్నాయి. అదే ఏడాది కింది కోర్టుల జడ్జీలు వందమందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పరీక్షాకాలం ముగిసే వేళకి ఒక ఈమెయిలుతో ఇంటికెళ్లినవాళ్లున్నారు. తాత్కాలిక ఇమిగ్రేషన్ జడ్జీలకు 2014 నుంచి ఉన్న అనుభవ నిబంధనను ఆగస్టులో సడలించారు. సెప్టెంబరులో సైన్యంలో పనిచేసే లాయర్లను 600 మంది వరకు ఆ పనికి వాడుకోవడానికి రక్షణశాఖ ఒప్పుకుంది.

కుర్చీ మిగిలినా మాట మిగులుతుందన్న నమ్మకం లేదు. బోర్డు ఇచ్చిన ఏ తీర్పునైనా అటార్నీ జనరల్ తన దగ్గరికి తెప్పించుకుని తిరగరాయొచ్చు. భర్త చేతిలో హింసకు గురై శరణు కోరిన ఒక మహిళ కేసులో 2018లో జెఫ్ సెషన్స్ అదే చేశారు. 2021లో ఇంకో ప్రభుత్వం వచ్చాక మెరిక్ గార్లాండ్ ఆ నిర్ణయాన్ని రద్దుచేశారు. చట్టంలో అక్షరం మారలేదు, గెలిచిన పార్టీ మారింది.

మరి వేరే దేశాల్లో? బ్రిటన్‌లో వలస అప్పీళ్లకు 2010 నుంచి అప్పర్ ట్రిబ్యునల్‌లో ఒక విభాగం ఉంది. అక్కడా ఏడేళ్ల న్యాయానుభవం అడుగుతారు. కానీ అభ్యర్థిని ఎంచేది మంత్రి కాదు, 2006లో ఏర్పడిన స్వతంత్ర నియామక సంఘం. మంత్రి తనకు నచ్చిన పేరు పెట్టలేడు. పొరుగింటి గురించి మాట్లాడేముందు మన ఇల్లూ చూసుకోవాలి. అస్సాంలో ఎవరు భారతీయులో, ఎవరు కాదో తేల్చే విదేశీయుల ట్రిబ్యునళ్లు 1964 నాటి ఉత్తర్వుతో వచ్చాయి. 2019లో వాటికి సభ్యులను తీసుకున్నప్పుడు ఏడేళ్ల ప్రాక్టీసున్న లాయర్లకూ అవకాశమిచ్చారు. అదీ కాంట్రాక్టు మీద. పైగా అక్కడ ఓడినవాళ్లకు అప్పీలు బోర్డంటూ లేదు. హైకోర్టులో రిట్ వేసుకోవాల్సిందే.

గార్ల నుంచి ఫాల్స్ చర్చ్‌కి

సరే, గార్ల పిల్లో పిల్లాడో ఆ కుర్చీ మీద కన్నేస్తే? నోటిఫికేషన్‌లో అర్హతల దగ్గర ఎల్ఎల్‌బీ అన్న మాట కనబడుతుంది. చూసి మనవాళ్లు సంబరపడకూడదు. ఒకప్పుడు అమెరికాలోనూ పట్టా పేరు అదే, తర్వాతే జేడీ అన్నారు. అసలు గడప అక్కడి లాయరు లైసెన్సు.

దారి లేకపోలేదు. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు విదేశీ న్యాయపట్టా ఉన్నవాళ్లను షరతులతో బార్ పరీక్షకు కూర్చోనిస్తాయి. హన్మకొండలో ఎల్ఎల్‌బీ చేసి, అక్కడికెళ్లి ఏడాది ఎల్ఎల్ఎం చదివి, పరీక్ష గట్టెక్కితే లైసెన్సు వస్తుంది. అక్కడే జేడీ చేయడం ఇంకో దారి. విజయవాడలో పుట్టి ఉస్మానియాలో చదివిన జయ బాడిగ సాంటా క్లారా యూనివర్సిటీలో జేడీ చేసి లాయరయ్యారు. 2024లో కాలిఫోర్నియా గవర్నరు ఆమెను శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమించారు. అది రాష్ట్ర కోర్టు, తోవ వేరు. తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టి అమెరికా న్యాయపీఠం ఎక్కొచ్చన్న దానికి మాత్రం ఆమే రుజువు.

పరీక్ష, లైసెన్సు, ఏడేళ్ల అనుభవం కష్టపడితే వచ్చేవే. ఎంత కష్టపడినా ముందుకు జరగని షరతు ఇంకోటుంది. అదే పౌరసత్వం. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ దేశానికైనా అందులో ఏడు శాతమే పరిమితి. భారతీయుల వరుస ఎక్కడుందో చూడండి. ఈబీ-2 తరగతిలో 2013 ప్రాంతంలో పేరు నమోదైనవాళ్లకు 2025లో పిలుపొచ్చింది. కార్డు చేతికొచ్చాక మామూలుగా మరో ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు. ఇరవై ఆరేళ్లకు విమానమెక్కినవాళ్లు ఈ లెక్కన నలభై అయిదు దాటాకగానీ అప్లికేషన్ ఫారం తెరవలేరు. ఇప్పుడు కొత్తగా వరుసలో నిలబడేవాళ్లకు అదీ చాలదు. వలసదారుల కేసులు తేల్చే కుర్చీ ఎక్కాలంటే ముందు ఆ క్యూలో నిలబడాలి.

అక్కడే పుట్టిన మనవాళ్ల పిల్లలకు ఈ బాధ లేదు. వాళ్లలో లా చదువుతున్నవాళ్లూ ఉన్నారు. మూడు దశాబ్దాల క్రితం మాస్టర్స్‌కి వెళ్లిన ఇంజినీర్ల పిల్లలు ఇప్పుడు బార్ పరీక్ష రాసే వయసుకొచ్చారు. లైసెన్సు తర్వాత ఏడేళ్లు లెక్కపెట్టుకుంటే ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లకే అర్హత వస్తుంది.

వయోపరిమితి గురించి నోటిఫికేషన్‌లో ప్రత్యేకంగా భయపడాల్సిందేమీ లేదు. ఫారం నింపేటప్పుడు పట్టా వచ్చిన నెల, ఏడాది, కాలేజీ పేరు తప్పకుండా రాయాలి. మన గ్రూప్స్ నోటిఫికేషన్లకు ఏళ్ల తరబడి ఎదురుచూసినట్టు దీనికీ చూడాల్సిందే. ఖాళీ ఎప్పుడొస్తుందో, ఎన్ని కుర్చీలుంటాయో ఎవరూ చెప్పలేరు. వచ్చాక సైటులో ఉండేది కొన్ని వారాలే.